ఉప్పు చూడటం

మా ఆయనకున్న జబ్బు ఒక్కటే. ఆరోగ్యం. తనది కాదు, ఊరిది.

పొద్దున్నే కోళ్లు ఇంకా గొంతు సవరించుకుంటూ ఉండగానే, ఊరి మధ్య స్తంభానికి కట్టిన లౌడ్‌స్పీకర్లోంచి ఆయన గొంతు లేస్తుంది. "సోదరీసోదరులారా! పచ్చి చేప తినకండి! పచ్చి చేపలో పురుగుంది. అది మీ కాలేయంలో కాపురం పెడుతుంది. ఉడకబెట్టండి, కాల్చండి, బతకండి!" కోడికి ఆకలేస్తే కూత ఆపుతుంది. ఈయన ఆపరు.

పేరు విచియన్. ఆ పేరు చెబితే మా ఊళ్లో ఎవరికీ తెలియదు. 'ఉడకబెట్టండి విచియన్' అంటే కుక్కలు కూడా దారి చూపిస్తాయి. ఊరి ఆరోగ్య వాలంటీర్లందరికీ పెద్ద. ఉడకబెట్టమని ఊరికి చెప్పడం పొద్దుటి డ్యూటీ. పచ్చిది తినడం సాయంత్రం డ్యూటీ.

జలాశయం మీద తేలే వెదురు గుడిసె ఒకటుంది. సాయంత్రమైతే మా ఆయన, ఆరోగ్య కేంద్రం అధిపతి వీరపోల్ అక్కడ 'సమీక్షా సమావేశం' పెట్టుకుంటారు. వీరపోల్ గారు నిజానికి డాక్టరు కారు. కానీ మా ఊళ్లో సూది పట్టుకున్న వాళ్లందరూ డాక్టర్లే, దర్జీ తప్ప. ఆ సమావేశంలో సమీక్షించేది కోయ్. అంటే అప్పుడే వల తీసిన పరిగెల్ని ముక్కముక్కలుగా నరికి, నిమ్మరసం, ఎండుకారం, వేయించిన బియ్యప్పొడి, గుప్పెడు ఎర్రచీమలు, పుదీనా కలిపి, పొయ్యి మొహం చూపించకుండా తినే పదార్థం. పక్కన జిగురన్నం బుట్ట, బియ్యం సారా.

నా వంటింట్లో మాత్రం పచ్చి చేప గడప దాటదు. ఖోన్ కేన్ పట్నం కాలేజీలో జీవశాస్త్రం చదివాను. ఆ పురుగుని గాజుసీసాలో చూశాను. చదునుగా, ఆకులా ఉంటుంది. ఒళ్లు వంచకుండా ఇంకొకళ్ల కాలేయం మీద పడి తినే రకం. అప్పటికి నాకింకా పెళ్లి కాలేదు కాబట్టి పోలికేదీ తట్టలేదు.

ఒకసారి నిలదీశాను. "ఊరందరికీ వద్దని చెప్పి మీరెలా తింటారండీ?"

"నా లెక్క వేరు. నిమ్మకాయ గట్టిగా పిండిస్తాను. చీమల పులుపు ఉంటుంది. పైనుంచి సారా పడుతుంది. అంత ఘాటుకి పురుగు బతుకుతుందా? బతికినా ఏడాదికోసారి మాత్ర మింగుతాను."

"మరి ఆ మాట ఊరికి చెప్పరేం?"

"చెబితే అందరూ తింటారుగా!" అన్నారు, నా చదువు మీద జాలిపడుతూ.

నేను చెయ్యనన్నాను కాబట్టి ఆ కోయ్ మా అత్తగారు చేస్తారు. ఆవిడ పేరు చన్‌పెన్. మామగారు కాలేయపు క్యాన్సరుతో పోయినప్పుడు, ఇక జన్మలో పచ్చి చేప తిననని బౌద్ధ భిక్షువు ఎదుట ఒట్టు పెట్టుకున్నారు. కొడుక్కి చేసి పెట్టనని మాత్రం పెట్టుకోలేదు. ఆవిడ చేతి కోయ్‌కి జలాశయం అవతలి గట్టు దాకా పేరుంది.

ఇంతవరకూ నవ్వుకునే వ్యవహారమే. ఈ వానలు మొదలైన దగ్గర్నుంచి నాకు నవ్వు రావడం మానేసింది.

అత్తగారు చాప మీంచి లేచేటప్పుడు కుడి డొక్క కింద చెయ్యి పెట్టుకుంటున్నారు. గట్టిగా కాదు. నడుము దగ్గర బట్ట సర్దుకున్నట్టు, అలా. అడిగితే "అరగలేదమ్మాయ్" అంటారు. ఆ చెయ్యి పెట్టుకునే తీరు ఈ ఇంట్లో నేనింతకు ముందొకసారి చూశాను. మామగారు కూడా మొదట్లో అరగలేదనే అన్నారు.

పట్నం నుంచి స్కానింగు బండి వస్తోందనీ, గురువారం గుడి ఆవరణలో పెడతారనీ మా ఆయనే మైకులో చెప్పారు. మళ్లీ ఎప్పుడొస్తుందో దానికే తెలియదు. వెంటనే అత్తగారి దగ్గర కూర్చున్నాను.

"అత్తయ్యా, ఓసారి చూపించుకుందాం. కత్తీ లేదు, సూదీ లేదు. పొట్ట మీద చల్లటి జిగురేదో రాస్తారు, అంతే."

"అది తినేవాళ్లకమ్మాయ్. నేను ఒట్టు పెట్టుకున్నదాన్ని. నాకెందుకు?"

"అయినా ఓసారి..."

"అసలు అది అంత ప్రమాదమైతే డాక్టరే తింటాడా? నా చేత్తో చేసి పంపుతున్నాను. గిన్నె నాకి మరీ పంపుతున్నారు. కడగాల్సిన పని కూడా ఉండట్లేదు." అత్తగారు తమలపాకు నోట్లో పెట్టుకున్నారు. సభ ముగిసిందని అర్థం.

ఆవిడతో వాదించడానికి నా డిగ్రీ చాలదు. ఆవిడ దగ్గర ఖాళీ గిన్నె సాక్ష్యం ఉంది.

సరిగ్గా అప్పుడే మా ఊరికి బోర్డొకటి మంజూరైంది. 'పచ్చి చేప తినని ఊరు' అని. అదే గురువారం, అదే గుడి ఆవరణలో జిల్లా అధికారి వచ్చి గుడ్డ తొలగిస్తారట. దానికి ముందు, ఆదర్శం కోసం, వాలంటీర్ల పెద్ద తన మల పరీక్ష చేయించుకోవాలి.

మా ఆయన చిన్న ప్లాస్టిక్ డబ్బీ పట్టుకుని వంటింటి గుమ్మంలో నిలబడ్డారు. మొదటిరాత్రి కూడా ఆయన అంత సిగ్గుపడలేదు.

"దావ్ వాళ్లమ్మా, ఓ సాయం కావాలి." దావ్ మా అమ్మాయి.

"ఏమిటి?"

"నీది కొంచెం... ఇందులో..."

నాకు అర్థం కావడానికి క్షణం పట్టింది. "ఇల్లు మీ పేరు మీదుంది. పొలం మీ పేరు మీదుంది. పడవా మీదే. ఆఖరికి ఇది కూడా మీ పేరు మీదికేనా?"

"నెమ్మదిగా! ఊరి పరువు విషయం."

"ఊరి పరువు నా కడుపులోంచి రావాలా?"

"నువ్వు ఉడికినదే తింటావుగా. మొన్న కూడా సమావేశమైంది. నాది పంపితే ఏం తేలుతుందో ఏమిటో!"

"నిమ్మకాయకి చచ్చిపోతుందన్నారుగా?"

"చచ్చేది చస్తుంది. అన్నీ మాట వింటాయా?"

తలుపు మొహాన వేసెయ్యాలనుకున్నాను. అప్పుడే ఒక సంగతి గుర్తొచ్చింది. దాన్ని గురించి కాస్త చెప్పాలి.

వంట చేసే మనిషి గిన్నె రుచి చూడకుండా పంపదు. అందులోనూ చేతికి పేరున్న మనిషి. వెనక అరుగు మీద అత్తగారు కోయ్ కలుపుతుంటే కిటికీలోంచి చూశాను. ఉప్పు వేసి ఓ చెంచా. పులుపు చాలిందా అని ఓ చెంచా. డాక్టరుకి కారం ఎక్కువ కావాలి కదా అని ఇంకో చెంచా. కొడుక్కి ఎక్కువైందేమో అని మరోటి. ఒట్టు ఒట్టుగానే ఉంది. చెంచా చెంచాగానే పోతోంది. అదేమిటని అడిగితే బోలెడు ఆశ్చర్యపోయారు. "ఉప్పు చూడటం తినడం ఎలా అవుతుందమ్మాయ్?"

తన పేరు మీద డబ్బీ ఇమ్మంటే ఆవిడ చస్తే ఇవ్వరు. కొడుకు పేరు మీదైతే?

"నేను నిన్న పచ్చి పీతలేసిన బొప్పాయి సలాడ్ తిన్నాను. నన్ను నమ్ముకుంటే మునుగుతారు," అన్నాను మా ఆయనతో. "ఊళ్లో అనుమానం లేని కడుపు ఒక్కటే. మీ అమ్మగారిది."

నేనెందుకలా అన్నానో ఆయన అడగలేదు. నేను చెప్పిన దానికి కారణం అడిగే అలవాటు ఆయనకు లేదు. నచ్చితే అది ఆయన ఐడియా అవుతుంది, అంతే. "అమ్మని అడుగుదామని నాకు ముందే తట్టింది," అంటూ వెళ్లారు.

స్కానింగుకు రమ్మంటే నాకెందుకన్న అత్తగారు ఎగిరి లేచారు. "నా బిడ్డ పరువుకి ప్రాణమిస్తాను. ఇదెంత!"

బుధవారం సాయంత్రం మా ఆయన ఇంటికొచ్చిన తీరు చూసి కుక్క కూడా తోక ఊపలేదు. మొహం ఉడికించిన స్క్విడ్‌లా ఉంది. వచ్చీ రాగానే చాప మీద పడి ఎడమ డొక్క పట్టుకున్నారు.

"అయిపోయింది దావ్ వాళ్లమ్మా. నా పనైపోయింది. డబ్బీ నిండా గుడ్లేనట. సంతలో కూడా అన్ని ఉండవన్నాడు వీరపోల్. మనం తినే దాని సంగతి ఇంత దూరం వస్తుందని నాకు తెలుసు. ఇక్కడే, ఇక్కడే నొప్పి!"

"కాలేయం కుడివైపుంటుందండీ."

చెయ్యి కుడివైపుకు మార్చారు. నొప్పి కూడా మర్యాదగా వెంట వెళ్లింది. "దావ్‌ని బాగా చదివించు. పడవ అమ్మకు."

"డాక్టరు ఇంకేమన్నారు?"

"రేపు జిల్లా అధికారి వస్తాడు, బోర్డు ఆగకూడదు, అందుకని ఏమీ లేవని రాసేశాను, మాత్ర మింగి నోరు మూసుకో, అన్నాడు. ఆ మాత్రకి తగ్గుతుందంటావా?"

"మీకెందుకు మాత్ర? అది మీది కాదుగా."

మా ఆయన కాసేపు పైకప్పు వంక చూశారు. తర్వాత చాప మీంచి బంతిలా లేచారు. "అవును! నాది కాదు! నాది కానే కాదు!" గదంతా తిరిగారు. నా భుజాలు పట్టి ఊపారు. కుండలోని నీళ్లు ముంచుకుని గటగటా తాగారు. "బతికాను! ఓరి దేవుడా, అది నాది..."

చేతిలో ముంత అలాగే ఆగింది.

బయట అరుగు మీద అత్తగారు రేపటికని, మా ఊరి ఆడవాళ్లు పండగలకు కట్టే పట్టు లుంగీ దులుపుతున్న చప్పుడు వినిపిస్తోంది.

"అమ్మ తినదు," అన్నారాయన, చాలా మెల్లగా.

"తినరు. ఉప్పు చూస్తారు. మీకూ డాక్టరుగారికీ సరిపోయిందా లేదా అని."

ఆయన అక్కడే కూర్చుండిపోయారు. "డొక్క కింద చెయ్యి పెట్టుకుంటోంది కదూ. నాన్నలాగా."

"మీరూ చూశారన్నమాట."

"చూడలేదనుకున్నాను," అన్నారు.

తెల్లారింది. ఆ పూట లౌడ్‌స్పీకరు మోగలేదు. కోళ్లు కంగారుపడి ఆలస్యంగా కూశాయి. మా ఆయన తల్లి ముందు మోకాళ్ల మీద కూర్చుని ఉన్నారు.

"అమ్మా, ఇవాళ బండి దగ్గరికి పద. స్కానింగు చేయించుకో."

"ఎందుకురా? నీ డబ్బీ శుభ్రంగా ఉందని డాక్టరు ఊరందరికీ చెప్పాడటగా. నీ డబ్బీ అంటే నాదేగా. నా అంత చక్కటి కడుపు ఈ చుట్టుపక్కల లేదని సర్కారే తేల్చింది."

ఈ మలుపు నేను ఊహించలేదు. ఆవిడకి తెలియాలని నేను వేసిన ఎత్తు, ఆవిడ చేతికే ఆరోగ్య పత్రమై కూర్చుంది.

"కాదమ్మా, గుడ్లున్నాయి. నిండా ఉన్నాయి."

"నిన్న లేవన్నారు. ఇవాళ ఉన్నాయంటున్నారు. రేపు పిల్లలు పెట్టాయంటారా?"

"డాక్టరు అబద్ధం చెప్పాడమ్మా!"

"డాక్టరు అబద్ధం చెబుతాడా? అయితే పురుగు సంగతి మాత్రం నిజమని ఏమిట్రా నమ్మకం?"

మా ఆయన నా వైపు చూశారు.

అత్తగారు జుట్టు ముడివేసుకుంటూ అన్నారు. "చూడు నాయనా. మైకులో చెప్పేది నువ్వు చెయ్యవు. చేసేది మైకులో చెప్పవు. ఏది నమ్మమంటావు? మీ నాన్న ఉన్న రోజుల్లో సంతలో ఒక మాట అనేవాళ్లు. చెప్పేవాడికి నష్టం వచ్చే మాటైతే ఆగి వినమని. నువ్విప్పటిదాకా నష్టమొచ్చే మాట ఒక్కటీ చెప్పలేదు."

అని పట్టు లుంగీ కట్టుకుని, గొడుగు తీసుకుని, సభకు బయలుదేరారు. గడప దాటేటప్పుడు చెయ్యి మళ్లీ డొక్క కిందికి వెళ్లింది.

గుడి ఆవరణంతా తోరణాలు. గుడ్డ కప్పిన బోర్డు ఒక పక్కన, స్కానింగు బండి ఇంకో పక్కన. మధ్యలో ఊరంతా. బండి ముందు మాత్రం ఒక్క మనిషి లేడు. ఎలా ఉంటాడు? బోర్డు ప్రకారం మా ఊళ్లో పచ్చి చేప తినేవాళ్లే లేరు. వరసలో నిలబడితే తిన్నామని ఒప్పుకున్నట్టే. జిల్లా అధికారి ఎదుట ఊరి పరువు తీసే ధైర్యం ఎవరికుంది? అందరూ ఆ బండిని అప్పులవాణ్ణి చూసినట్టు ఓరగా చూసి తల తిప్పుకుంటున్నారు.

పట్నం నుంచి వచ్చిన డాక్టరమ్మ బండి మెట్టు మీద కూర్చుని గడియారం చూసుకుంటోంది. నేను దగ్గరికెళ్లాను.

"ఇంకాసేపు ఉంటారా అమ్మా?"

"ఎవరూ రాకపోతే ఉండి ఏం చేస్తామక్కా? అవతల ఊళ్లో వరస కట్టారట. వైర్లు సర్దేస్తున్నాం."

లోపల నిజంగానే ఎవరో వైర్లు చుడుతున్నారు. అత్తగారు మొదటి వరస కుర్చీలో విసనకర్ర ఊపుకుంటున్నారు. వేదిక మీద వీరపోల్ గారు ఇస్త్రీ చొక్కాలో మెరిసిపోతున్నారు. జిల్లా అధికారిని సభకు పరిచయం చెయ్యడానికి మా ఆయన మైకు ముందుకొచ్చారు.

"సోదరీసోదరులారా..." ఎప్పుడూ తడబడని గొంతు తడబడింది. "గుడ్డ తొలగించే ముందు ఒక విషయం. ఈ మధ్య... కొన్ని పొరపాట్లు జరిగాయి."

"జరగడమేమిట్రా, అవేమన్నా వానా, వాటంతటవే కురవడానికి? ఎవరు చేశారు?" అన్నారు అత్తగారు కుర్చీలోంచే.

సభ గొల్లుమని నవ్వింది. వీరపోల్ గారి నవ్వు సగంలో నిలిచింది.

"కొంతమంది... బాధ్యత గల పదవుల్లో ఉన్నవాళ్లు..."

"ఆ కొంతమందికి పేర్లు లేవా? వాళ్లమ్మలు పెట్టలేదా?"

బండి వెనక తలుపు ఒకటి ధడాలున మూసుకుంది. మా ఆయన అటు చూశారు. వీరపోల్ గారు కుర్చీలోంచి చెయ్యి ఊపారు. ఎవరో మైకు తీగ లాగేశారు. కానీ మా ఆయన గొంతుకి మైకెందుకు?

"నేను!" అన్నారు. గుడి పైకప్పు మీద పావురాలు లేచిపోయాయి. "నేనే. విచియన్‌ని. పొద్దున్న మీకు వద్దని చెప్పి, సాయంత్రం గుడిసెలో కోయ్ తిన్నాను. నా పేరున వెళ్లిన డబ్బీ నాది కాదు, మా అమ్మది. అందులో పురుగు గుడ్లున్నాయి. లేవని చెప్పింది అబద్ధం. అమ్మ నా కోసం చేసింది, నాకు రుచిగా ఉండాలని నోట్లో పెట్టుకుంది. మా నాన్నని ఈ పురుగే తీసుకుపోయింది. నిమ్మకాయకి అది చావదు. నేను చెప్పింది నిజం. చేసింది తప్పు." కాస్త ఆగారు. "అమ్మా, లే. బండి వెళ్లిపోతోంది."

అత్తగారు విసనకర్ర మడిచారు. లేచారు. డొక్క కింద చెయ్యి, ఈసారి దాచకుండా, గట్టిగా అదిమి పెట్టుకున్నారు.

"అంత నష్టం పెట్టుకుని చెప్పాడంటే నిజమే అయ్యుంటుంది," అని పక్కావిడతో అని, బండి వైపు నడిచారు.

లోపల చుట్టిన వైర్లు మళ్లీ విప్పారు. తలుపు మూశారు. నేనూ మా ఆయనా బయట ఎండలో నిలబడ్డాం. ఆయన చొక్కా వీపంతా తడిసిపోయింది. ఊరికే నిలబడలేక ఆయన నెమ్మదిగా అన్నారు.

"నీకు ముందే తెలుసు."

"ఏది?"

"అమ్మ సంగతి. అందుకే అమ్మని అడగమన్నావు."

"మీరు అడిగారు, నేను చెప్పాను. ఉచిత ఆరోగ్య సలహా. మొదటిసారి మీరొకటి పాటించారు."

ఆయనకు నవ్వాలో ఏడవాలో తెలియలేదు. ఏదీ చెయ్యకుండా నా చెయ్యి పట్టుకున్నారు, ఊరంతా చూస్తుండగా.

తలుపు తెరుచుకుంది. డాక్టరమ్మ మెట్టు మీదికొచ్చింది.

"కాలేయంలో పిత్తనాళాలు బాగా వాచాయి. గడ్డేమీ కనబడలేదు. ఇంకొంచెం ఆలస్యమైతే ఏమయ్యేదో చెప్పలేను. మాత్ర మింగాలి, చలికాలంలో మళ్లీ చూపించుకోవాలి. ఇకపై పచ్చిది నోట్లో పెట్టకూడదు."

వెనక నుంచి అత్తగారి గొంతు. "ఉప్పు చూడొచ్చా అమ్మాయ్?"

"చూడకూడదు పెద్దమ్మా."

"నాలుక చివర?"

"చివర కూడా వద్దు."

"అయితే మరి ఆ వంట చెయ్యడం దండగ," అన్నారు అత్తగారు మెట్లు దిగుతూ. మా ఆయన ఆవిడ చెయ్యి పట్టుకున్నారు. పట్టుకున్నది దింపడానికో, తను నిలబడటానికో నేను చెప్పలేను.

అప్పటికి బండి ముందు వరస తయారైంది. పక్కింటివాళ్లు, పడవల వాళ్లు, నిన్నటిదాకా కోయ్ అన్న మాటే తెలియనట్టున్న వాలంటీర్లు. వేదిక మీద జిల్లా అధికారి ఒంటరిగా, గుడ్డ కప్పిన బోర్డు పక్కన నిలబడి ఉన్నారు. వరస చివర, టోపీ కిందికి దించుకుని, ఇస్త్రీ చొక్కా ఒకటి.

అత్తగారు నేరుగా అక్కడికెళ్లారు. "ఏం డాక్టరూ, వరస సరిచేయడానికొచ్చావా?"

వీరపోల్ గారు అధికారి వైపు చూశారు, బోర్డు వైపు చూశారు, ఆఖరికి డొక్క కిందున్న అత్తగారి చేతి వైపు చూశారు. టోపీ తీశారు.

"లేదు పెద్దమ్మా. నేనూ తిన్నాను. లేవని రాసింది కూడా నేనే. తప్పు నాది."